తిరిగి అందిన మోకు

ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ ఈ పూటే రాలిపోవాలి. మిగిలినవి మూడే కదా అని నవ్వకు. ఆ మూడింటితోనే మొన్న బాదంకాయల బస్తా ఖాళీ చేశాను.

ఓడల్ని లాగే టగ్గు సబ్రా పేరు సరస్సు ఒడ్డున మా మెంజెల్ బూర్గీబాలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. యుద్ధానికి ముందు పరాయి దొరల నౌకాదళంలో పుట్టింది. పొట్టిగా, బొజ్జతో, పొగగొట్టం కాస్త వెనక్కి వాలి, చంకన బిడ్డనెత్తుకున్న ఇల్లాలిలా ఉండేది. కానీ బలం! యుద్ధనౌకల్ని చెవి పట్టుకుని రేవులోకి లాక్కొచ్చేది. బాంబులు పడ్డ రోజున మండుతున్న చమురు ఓడని కాలువలోంచి ఈడ్చుకెళ్ళి సముద్రంలో పారేసి, ఒంటి మీద రంగు కూడా మాడకుండా తిరిగొచ్చింది. ఓసారి అడ్మిరలు గారి పియానో మోసింది. ఇంకోసారి ఒక పెళ్ళికూతుర్నీ, ఆమెతోపాటు నాలుగొందల మంది చుట్టాల్నీ మోసింది. జెండా మారిన రోజు దొరలు ఒకవైపు నుంచి దిగుతుంటే మనవాళ్ళు ఇంకోవైపు నుంచి ఎక్కారు. ఇంజను ఆపనే లేదు. బిజెర్తా వంతెన మోటారు చెడిపోతే వంతెనని కూడా మోకేసి లాగి పైకెత్తిందంటారు. అది మాత్రం నేను చూళ్ళేదు. మా ఆయన చూశాడు.

ఇదంతా సబ్రా సర్వీసు పుస్తకంలో ఉంది. నీలం అట్ట, దిండంత లావు. ఏ ఓడని లాగినా అందులో రెండు గళ్ళు నింపాలి. మొదటిది మోకు ఇచ్చిన వేళ. రెండోది మోకు తిరిగి అందిన వేళ. ఆ రెండో గడి విషయంలో టగ్గువాళ్ళకి గట్టి పట్టింపుంది. మోకు చివర డెక్కు మీద పడాలి, ఎవడో ఒకడు దాన్ని చేత్తో ముట్టుకోవాలి, అప్పుడే రాయాలి. అందని మోకుని అందిందని రాస్తే నీళ్ళు చదువుకుంటాయని వాళ్ళ భయం.

అంత లావు పుస్తకంలో రెండో గడి ఖాళీగా ఉన్న వరస ఒకే ఒక్కటి. అది మొంజీ వల్ల మిగిలిన ఖాళీ.

మొంజీ మాకు గోడ పక్కింటివాడు. సబ్రా మీద వెనక డెక్కు పని చేసేవాడు. టగ్గుకి తన మోకే శత్రువని నీకు తెలియదనుకుంటా. వెనక వచ్చే ఓడ బరువు వెనక నుంచే లాగాలి. మోకు జారి పక్కకొచ్చిందంటే టగ్గు గిన్నె బోర్లించినట్టు బోర్లా పడుతుంది. అందుకని మోకుని వెనక అంచుకి అణిచి ఒక పట్టుతాడు కడతారు. అది కట్టడం మొంజీ పని. అదీ ఆపలేకపోతే, గోడకి ఎర్రరంగు గొడ్డలి వేలాడుతూ ఉంటుంది. మోకు నరకడమూ మొంజీ పనే.

పందొమ్మిదేళ్ళ కిందట, ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, ఇంజను లేని పాత యుద్ధపు ఓడనొకదాన్ని సరస్సు అవతలి గట్టుకి లాక్కెళ్తున్నారు. దాని మీద మోకు చూసుకోవడానికి నీలం చొక్కా కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. షేద్లీ. మొంజీ భార్య జొహ్రాకి తమ్ముడు. తల్లి పోయాక ఆమే ఎత్తుకు పెంచింది. సరస్సు నూనె పోసినట్టు కదలకుండా ఉంది. గంట సేపటి పని. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇవాళ్టికి పట్టుతాడు ఎందుకులే అనుకున్నాడు మొంజీ.

అంతే. అంతకన్నా ఏమీ లేదు.

సగం దారిలో పొగమంచు కమ్మింది. వెనక ఓడ పక్కకి తిరిగింది. మోకు జారి సబ్రా నడుం మీదికొచ్చింది. సబ్రా ఒరిగి నీళ్ళు తాగడం మొదలెట్టింది. టగ్గు పెద్ద, రయీస్ బషీర్, "నరుకు!" అని అరిచాడు. అదే క్షణంలో మంచులోంచి షేద్లీ గొంతు వినిపించింది. "వదలొద్దు బావా!"

మొంజీ ఒక్క వేటుకి నరికాడు.

టగ్గు మీద పదకొండు మంది బతికారు. మూడు రోజులు వెతికారు. పన్నెండు మీటర్ల లోతున్న సరస్సులో ముప్ఫై మీటర్ల ఇనప ఓడ దొరకలేదు. షేద్లీ దొరకలేదు. అతని టోపీ కూడా పైకి తేలలేదు. రయీస్ బషీర్ దయగల మనిషి. మోకు దానంతటదే తెగిపోయిందని పుస్తకంలో రాశాడు. రెండో గడి మాత్రం వదిలేశాడు. చివర చూడకుండా రాయనన్నాడు, చచ్చేదాకా రాయలేదు. మోకు తగిలించే కొక్కేనికి మిగిలిన నరికిన ముక్కని మొంజీ ఎవరూ చూడకుండా నీళ్ళలో పారేశాడు. ఇంటికొచ్చాడు.

జొహ్రా ఒక్కటే అడిగింది. "నిన్ను పిలిచాడా?"

"లేదు," అన్నాడు.

ఆ ఒక్క 'లేదు' మీద వాళ్ళ కాపురం పందొమ్మిదేళ్ళు నిలబడింది. ఆ రోజు నుంచి మొంజీ కుడిచేతికి స్పర్శ లేదు. మరిగే కాఫీ పడ్డా చూసుకునేవాడు కాదు, జొహ్రా కేకేస్తే తుడుచుకునేవాడు. చేతిలోంచి అది మెల్లగా పైకి పాకింది. కూతురి పెళ్ళిలో నవ్వలేదు, తల్లి పోతే ఏడవలేదు. మొండితనం కాదు. వెతుక్కుంటే లోపల ఏమీ దొరికేది కాదు.

సబ్రాని పాత ఇనుముకి ఇచ్చేస్తున్నారని కబురొచ్చింది. పాత సిబ్బందిలో బతికున్నవాడు మొంజీ ఒక్కడే. పుస్తకం మూసే ముందు సంతకం పెట్టి, చివరి ప్రయాణంలో టగ్గు మీద వెళ్ళాలన్నారు. పొద్దున్నే రొట్టెకి హరీసా కారం రాస్తూ జొహ్రా అంది:

"నా తమ్ముడి పేజీలో ఏం రాసుందో చదివి వచ్చి చెప్పు. నాకు అక్షరాలు రావుగా."

"చెప్తాను."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ సొంతం కలపకు."

"నేనెప్పుడు కలిపాను?"

"నిజమే, నువ్వా! నీ పక్కన ఈ గోడే వాగుడుకాయ." అతని చెయ్యి తిప్పి చూసింది. "మళ్ళీ కాల్చుకున్నావు. ఎప్పుడు?"

"తెలీదు."

ఓడల కార్ఖానా ఆఫీసులో ఉన్నది లెఫ్టినెంట్ అనీస్ అనే కుర్ర ఆఫీసరు. అతని మీసం అతనికంటే అరగంట ముందు గదిలోకి వస్తుంది. పుస్తకం తిప్పి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"బాబాయ్, ఇక్కడొక గడి ఖాళీగా ఉండిపోయింది."

"ఉండిపోయింది."

"ఖాళీలున్న పుస్తకం పైవాళ్ళు తీసుకోరు. నువ్వే ఉన్నావు కదా ఆ రోజు? ఏదో ఒక టైము వేసెయ్. ఎవరు చూడొచ్చారు?"

మొంజీ ఆ గడి వైపు చూశాడు. కాదనాలని అతనికి తెలుసు. టగ్గు మీద పనిచేసిన ఎవడికైనా తెలుసు. కానీ కాదనడానికి కూడా లోపల ఏదో కదలాలి. అతనిలో కదల్లేదు. కలం తీసుకుని రాశాడు: మోకు తిరిగి అందింది, నాలుగుంబావు. సంతకం పెట్టాడు.

"అంతేగా, ఎంత సులువో చూడు," అన్నాడు లెఫ్టినెంటు, పుస్తకం మూస్తూ.

రెండున్నరకి బయల్దేరారు. ముందు కొత్త టగ్గు. దాన్ని నడిపేది రయీస్ నాసర్. వెనక సబ్రా, ఇంజను పీకేసి, తలుపులు పీకేసి, ముక్కుకి నైలాను మోకు కట్టించుకుని. జీవితమంతా అందర్నీ లాగిన పిల్ల మొదటిసారి ఇంకొకరి వెనక తలొంచుకుని నడిచింది. దాని మీద ఇద్దరే ఉన్నారు, మొంజీ, నాసర్ మనిషి హమాది. హమాది ఎంత లావంటే, అతను ఎడమ నుంచి కుడికి నడిస్తే సబ్రా కూడా అటు వంగి చూసేది. భుజాన తాడుచుట్ట, చంకలో రొట్టె, నోట్లో ట్యూనా చేప ముక్క.

"బాబాయ్, తింటావా?"

"వద్దు."

"ఆకల్లేదా, దిగులా?"

"రెండూ లేవు."

"అదృష్టవంతుడివి. నాకు రెండూ ఉన్నాయి," అని హమాది అతని వాటా కూడా తినేశాడు.

మూడింటికి మంచు దిగింది. అలాంటి మంచు మళ్ళీ చూళ్ళేదెవరూ. నీటికాకులు దారి కనపడక రెయిలింగు మీద వరసగా వచ్చి కూర్చున్నాయి, టికెట్టు కొన్నట్టు. ముందున్న టగ్గు కనపడలేదు. దాని ఇంజను చప్పుడు మాత్రం దుప్పటి కింద దగ్గులా వినపడుతోంది. నీటి వాసన పోయింది. చలి కూడా తెల్లగా అయిపోయింది.

హమాది చేతిలో వైర్‌లెస్ గరగరమంది. రయీస్ నాసర్ గొంతు.

"ఒరేయ్ హమాదీ, లంగరు గానీ దించావా?"

"లంగరు నిన్ననే పీకేశారు కదయ్యా. నీ ఇంజనుకి జలుబు చేసిందేమో చూసుకో."

"వేళాకోళం కాదు. ఫుల్ స్పీడు పెట్టాను. కదలడం లేదు. వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది."

హమాది నవ్వబోయి ఆగిపోయాడు. చుక్కాని గది వెనక ఏదో మూలిగింది. ఇనుము ఇనుము మీద మెల్లగా తిరిగిన చప్పుడు. మొంజీకి ఆ చప్పుడు తెలుసు. బరువు పడ్డప్పుడు సబ్రా కొక్కెం అలాగే మూలిగేది. రెండేళ్ళుగా ఆ కొక్కేనికి ఏదీ తగిలించలేదు.

తర్వాత వాసన వచ్చింది. తారు. తడి జనపనార. పదిహేనేళ్ళ కిందటే రేవులో జనపనార మోకులు మానేశారు.

ఇద్దరూ వెనక్కి వెళ్ళారు.

కొక్కేనికి మోకు ఉంది.

చెయ్యంత లావు. నల్లగా, తడిగా. బిగిసి ఉంది. బిగుతుకి పిండినట్టు నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. వెనక అంచు దాటి మంచులోకి వెళ్ళింది. అవతల ఏముందో కనపడలేదు.

"ఇది... ఎవరు తగిలించారు బాబాయ్?" అన్నాడు హమాది.

మొంజీ వెనక అంచు దగ్గరికి నడిచాడు. వెనక అంచు చెక్క మీద గొడ్డలి గాటు ఉంది. ఎన్నిసార్లు రంగు వేసినా పూడని గాటు. మోకు సరిగ్గా దాని మీదుగా పోతోంది. వంగి చూశాడు. మోకు మీద గాటు లేదు. నరికిన చోటు లేదు. అతికిన చోటు లేదు. నిండుగా, ఒకటే మోకు.

భయపడాల్సిన సమయమని అతనికి తెలుసు. ఎదురుచూశాడు. భయం రాలేదు.

మోకు కదిలింది.

మెల్లగా... ఎడమకి. చెక్కని రాసుకుంటూ. జానెడు... ఇంకో జానెడు... సబ్రా ఒరిగింది. నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. చప్పుడు లేకుండా. ఎడమ పక్క డెక్కు మీదికి నీళ్ళొచ్చాయి.

"నరుకు బాబాయ్!" హమాది కేక. "బోర్లా పడిపోతాం! నరుకు!"

టగ్గులో ఉన్నవన్నీ పీకేశారు. దీపాలు, గంట, గిన్నెలు, తలుపుల బందులు కూడా. గొడ్డలి మాత్రం గోడకి ఉంది. ఎర్రగా. రంగు ఇంకా తడిగా.

మొంజీ తీసుకున్నాడు. ఎత్తాడు.

"వదలొద్దు బావా..."

అది అరుపు కాదు. భోజనం దగ్గర ఉప్పు అడిగినట్టు. చాలా దగ్గర్నుంచి.

హమాది కూడా విన్నాడు. ఏడుస్తూ ప్రార్థన మొదలెట్టాడు, మాటలు తప్పులు పోతున్నాయి. నీళ్ళు మడమల దాకా వచ్చాయి. చీలమండలు మునిగాయి. మొంజీ గొడ్డలి వంక చూశాడు, మోకు వంక చూశాడు. పందొమ్మిదేళ్ళ కిందట తను చేసింది తప్పో ఒప్పో అతనెప్పుడూ తేల్చుకోలేదు. చేయనిది మాత్రం తెలుసు.

గొడ్డలి కింద పెట్టాడు.

"నీ భుజం మీది తాడు ఇటివ్వు," అన్నాడు.

"ఏంటి?"

"తాడు. ఇటివ్వు."

మోకు మీదుగా తాడు వేశాడు. వెనక అంచున్న ఇనప గుంజకి తిప్పాడు. వేళ్ళకి ఏమీ తెలియడం లేదు, కళ్ళతో చూస్తూ ముడి వేశాడు. "పట్టుకుని లాగు," అన్నాడు. హమాది తన నాలుగు క్వింటాళ్ళ బరువూ వేసి లాగాడు. మోకు బెత్తెడు వెనక్కొచ్చింది. మళ్ళీ లాగారు. ఇంకో బెత్తెడు... మధ్యకొచ్చింది. మొంజీ పట్టుతాడు బిగించి, ఇంకో మెలిక వేసి కట్టాడు.

సబ్రా ఒక్క ఊపిరి పీల్చుకుని నిటారుగా నిలబడింది.

"కట్టానురా," అన్నాడు మొంజీ మంచులోకి. అంతకన్నా ఏమనాలో తోచలేదు.

"కదిలింది!" వైర్‌లెస్‌లో నాసర్. "ఏం చేశార్రా?"

హమాది వైర్‌లెస్ జేబులో పెట్టేశాడు.

కాలువలోకి వచ్చారు. వెనక మోకు బిగిసే ఉంది. తొణక్కుండా, బుద్ధిగా వెనకాలే వస్తోంది ఆ బరువు. ఒక్కోసారి వెనక నీళ్ళు ఇనప ఒంటికి తగిలిన చప్పుడు. ఒక్కోసారి ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. హమాది వెనక్కి చూడలేదు. మొంజీ కళ్ళు తిప్పలేదు.

బిజెర్తా వంతెన మీద ఒక కాపలా ముసలాడు ఉండేవాడు. మంచు రోజున కింద పోయే ప్రతి పడవకీ ఒక గంట కొట్టడం అతని అలవాటు. నాసర్ టగ్గు కింద నుంచి పోయింది. గంట. సబ్రా పోయింది. గంట. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. వంద అంకెలు లెక్కపెట్టేంత సేపు...

గంట.

పాత ఇనుము రేవుకి చేరగానే మోకు ఒక్కసారిగా వదులైంది. ఎవరో అవతల చివర వదిలేసినట్టు.

"టైమెంత?" అన్నాడు మొంజీ.

"నాలుగుంబావు," అన్నాడు హమాది.

మొంజీ లాగడం మొదలెట్టాడు. ఒంటిచేత్తో, తొందర లేకుండా. ఎనభై బారల మోకు. నీళ్ళు ఓడుతూ, నాచు వాసనతో డెక్కు మీద చుట్టలు చుట్టలుగా పడింది. చివర వచ్చింది. తల దూర్చేంత ఉచ్చు, ఓడ గుంజకి వేసేది. పట్టింపు ప్రకారం మొంజీ దాన్ని కుడిచేత్తో ముట్టుకున్నాడు.

పొడిగా ఉంది. సరస్సంతా ఈది వచ్చిన మోకు చివర బొట్టు తడి లేకుండా పొడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది, ఇప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు.

ఆ వెచ్చదనం అతనికి తెలిసింది. పందొమ్మిదేళ్ళలో ఆ చేతికి తెలిసింది అదొక్కటే.

అంత మోకునీ ఇంటికి ఎలా మోసుకొచ్చాడని అడక్కు. గాడిద మీద వేసుకొచ్చాడని కొందరు, అదే వెనకాల వచ్చిందని కొందరు. నేను గోడ మీంచి చూసేసరికి పెరట్లో నిలబడి ఉన్నాడు, చివర చేత్తో పట్టుకుని. జొహ్రా పొయ్యి మీంచి చేపల కుస్‌కుస్ దించుతోంది.

"ఏం రాసుంది?" అంది.

"మోకు తెగిపోయిందని రాసుంది."

"ఊఁ."

"తెగలేదు. నేను నరికాను. ముందు పట్టుతాడు కట్టలేదు, అందుకే నరకాల్సొచ్చింది."

జొహ్రా గిన్నె మీద మూత పెట్టింది. చేతులు తుడుచుకుంది. గోడ ఇవతల నేను దగ్గు ఆపుకోలేక చచ్చాను.

"పిలిచాడా?"

"పిలిచాడు."

"ఏమన్నాడు?"

"వదలొద్దు బావా, అన్నాడు."

ఆమె కేకలు పెట్టలేదు. జుట్టు పీక్కోలేదు. అతని దగ్గరికి వెళ్ళి మోకు చివర తన చేతిలోకి తీసుకుంది, కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత దాన్ని అంజూర చెట్టుకి రెండు చుట్లు తిప్పి గట్టిగా కట్టింది.

"అయితే వదలకు," అంది. "చేతులు కడుక్కో. చల్లారిపోతోంది."

ఇద్దరూ కూర్చుని తిన్నారు. ఉప్పెక్కువైందని కూడా అనుకోలేదు.

రెండో చివర దేనికి కట్టాలా అని మర్నాడు చూడబోతే అప్పటికే బిగిసి ఉంది. గోడ దాటి, మా పెరటి మీదుగా, సరస్సు వైపు పోయింది. ఆ చివరేముందో చూసొస్తామని వెళ్ళిన మగాళ్ళు పదిమందీ సగం దూరంలోనే ఏవో పనులు గుర్తొచ్చి తిరిగొచ్చేశారు. అంత మంచి తాడు ఊరికే పోనివ్వడమెందుకని నేనూ జొహ్రా దాని మీద బట్టలారేస్తున్నాం. ఎండలో ఆరవు. మంచు పడితే గంటలో ఆరతాయి. మొంజీ రోజూ సాయంత్రం వచ్చి దాని మీద కుడిచెయ్యి ఆనించి నిలబడతాడు. ఏం తెలుస్తోందని అడిగితే, "లాగుతున్నాడు," అంటాడు, ఆకాశంలో మబ్బుందన్నట్టు.

అదిగో, మంచు దిగుతోంది. నా మోకాళ్ళు లేవనివ్వవు, నువ్వెళ్ళి నా దుప్పటి తీసుకురా. దాని పక్కనున్న రెండు చొక్కాలూ మొంజీవి, అవి కూడా తెచ్చి జొహ్రాకివ్వు. ఆ చివరగా నీలం చొక్కా ఒకటి ఉంటుంది, నీళ్ళు కారుతూ. అది మేం ఉతికింది కాదు, దాని జోలికి పోకు. క్లిప్పులు మర్చిపోకు. మోకు నీ చేతిలో కాస్త బిగిసిందనుకో... కంగారుపడి వదిలెయ్యకు. పాపం, అవతల మనిషున్నాడు.